కుడివైపు జాగ

మగ్గం అమ్మనని నేను అన్న పొద్దున మా ఇంట్లో రెండు పూటలకు సరిపడా జొన్నలు కూడా లేవు. అందుకే నా మాట ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కడుపు నిండిన మనిషి మొండికేస్తే పౌరుషమంటారు. ఖాళీ కడుపుతో మొండికేస్తే పిచ్చి అంటారు. నాకు పుట్టుకతోనే ముక్కు మీద కోపం. పిచ్చి అంటే అననీ అనుకున్నాను.

మాది వరంగల్లులో కొత్తవాడ. పెళ్ళిళ్ళకూ సభలకూ నేల మీద పరిచే జంపఖానాలు నేసే వాడ. మా నోట అవి షత్రంజీలు. పొద్దు పొడిస్తే చాలు, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా పంజాల చప్పుడే. పంజా అంటే ఇనుప వేళ్ళున్న పనిముట్టు. అడ్డపోగు వేసిన ప్రతిసారీ దానితో గట్టిగా కొట్టి బిగించాలి. షత్రంజి పెద్దదైతే ఒక్క మనిషి చెయ్యి అందదు. ఇద్దరు పక్కపక్కన ఒకే చెక్క మీద కూర్చుని ఎవరి సగం వాళ్ళు కొట్టాలి. మా వీధిలో ఆ ఇద్దరూ ఎప్పుడూ మగవాళ్ళే. ఆడవాళ్ళు నూలు చిక్కు తీసి, రంగు ఉడకబెట్టి, రాట్నం తిప్పి అడ్డపోగు నూలును కండెలుగా చుట్టి, నడుమ వంట కూడా చేసి, కండె అందించి పక్కకు తప్పుకోవాలి. ఇలాగే ఉండాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఎందుకని అడిగిన వాళ్ళూ లేరు.

నాకు మాత్రం ఆ చెక్క మీద కూర్చోవాలని చిన్నప్పటి నుంచీ ఒకటే కోరిక. పుట్టింట్లో ఒకసారి మా నాన్న అన్నానికి లేవగానే ఎక్కి కూర్చుని పంజాతో పది దెబ్బలు కొట్టాను. ఆయన ఎంగిలి చేత్తోనే వచ్చి నా వీపు మీద రెండు కొట్టాడు. లెక్క ప్రకారం నేనే గెలిచాను. ఆ తర్వాత పెళ్ళయింది, కొత్తవాడకు వచ్చాను, మళ్ళీ రాట్నమే నా చేతికి దొరికింది.

అరవైల నడుమ మాట ఇది. యుద్ధమై యేడాది గడిచింది. వానలు సరిగా లేవు. రేషను దుకాణం ముందు నిలబడి నిలబడి కాళ్ళు వాచేవి. నూలు ఒక నెల దొరికితే రెండు నెలలు దొరికేది కాదు. మా వాడకు నూలు ఇచ్చి, నేసినవి తీసుకుని, కూలి కట్టి ఇచ్చే షావుకారు “మాల్ లేదు, రేపు రాండ్రి” అనేవాడు. ఆ రేపు ఎప్పుడో ఆయనకే తెలియాలి. ఒక్కో ఇల్లే షోలాపూర్ బండి ఎక్కుతోంది. మామయ్య చనిపోయిన తర్వాత మా ఆయన పక్కన కూర్చుని నేసే పక్కింటాయన కూడా పెళ్ళాం పిల్లలతో వెళ్ళిపోయాడు. పెద్ద మగ్గం ముందు మా ఆయన ఒక్కడే మిగిలాడు. కొట్టడానికి తోడూ లేదు, వేయడానికి పోగూ లేదు.

“షోలాపూర్ పోదాం,” అన్నాడు ఒకనాడు పొద్దున్నే. “ఆడ మరమగ్గాలున్నయ్. వారం వారం చేతికి పైసలిస్తరట. మగ్గం అమ్మేసి ముగ్గురం పోదాం.”

“నువ్వు పో. నేను రాను. మగ్గం అమ్మను.”

“ఈడ ఉండి ఏం తింటవే?”

“ఏదో ఒకటి తింట. మగ్గం ఉంటే తిరిగొస్తవు. అమ్మితే ఎందుకొస్తవు?”

మా ఆయన చెడ్డవాడు కాడు. నెమ్మది మనిషి. నాతో వాదన పెట్టుకుంటే భోజనం చల్లారిపోతుందని అనుభవం మీద తెలుసుకున్నవాడు. గోడకానుకుని కూర్చుని ఒక మాట అన్నాడు.

“ఆరు నెలలు. నేను మల్ల వచ్చేసరికి ఈ మగ్గం మీద ఒక్క పెద్ద షత్రంజి తయారై ఉండాలె. ఉంటే మగ్గం జోలికి రాను. లేకుంటే అమ్ముడే. అప్పుడు నువ్వు నోరెత్తద్దు.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఎవరు నేస్తారని ఆయన అడగలేదు. ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. అడగనందుకు నేను లోపల్లోపల సంతోషించాను.

ఇదంతా పొయ్యి దగ్గర కూర్చున్న మా అత్తమ్మ విన్నది. ఒక్క ముక్క మాట్లాడలేదు. మా అత్తమ్మ మాట్లాడకపోవడమంటే మా వీధిలో వింతే. ఆమె గొంతు ఎత్తితే నాలుగిళ్ళ అవతల పిల్లలు ఏడుపు ఆపేవాళ్ళు. భారీ మనిషి. అరవై దాటినా రోకలి పట్టిందంటే నేను రెండు చేతులతో దంచేది ఆమె ఒక చేత్తో దంచేది. ఒక్కగానొక్క కొడుకు బండి ఎక్కిన రోజు మాత్రం స్టేషనుకు రాలేదు. మగ్గం ముందు చెక్క మీద, కుడివైపున, కొడుకు రోజూ కూర్చునే గోనెసంచి ఒకటి మడత పెట్టి ఉండేది. దాన్ని తీసుకెళ్ళి దులిపి, మళ్ళీ అక్కడే పెట్టింది.

తర్వాత నాలుగు నెలలు ఎలా గడిచాయో చెప్పడం నాకిష్టం లేదు. షావుకారు దగ్గర ఎప్పుడైనా నూలు వస్తే పక్క వీధుల వాళ్ళకు కండెలు చుట్టిపెట్టాం. అంతే. దసరా వెళ్ళింది. మగ్గానికి దుమ్ము పట్టింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం షావుకారు దుకాణంలో చుట్టిన కండెలు అప్పజెబుతున్నాను. తెల్ల లాల్చీ, చంకలో గొడుగు ఉన్న పెద్దమనిషి వచ్చాడు. వర్ధన్నపేట దిక్కు పల్లెలో చర్చి అయ్యగారు. చర్చి గుడిలో ఉన్న షత్రంజి చిరిగి పేలికలయింది, ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ చలికాలం ఉత్త బండల మీద కూర్చుంటున్నారు, క్రిస్మస్ నాటికి పదహారు మూరల పొడవున ఒకటి కావాలని అడిగాడు. షావుకారు గద్దె మీద నుంచి కదలకుండానే, నూలు లేదు, నేసేవాళ్ళు షోలాపూర్ పోయారు, వచ్చే యేడు చూద్దాం అన్నాడు. అయ్యగారు గొడుగు తెరుచుకుని మెట్లు దిగాడు.

నేను కండెల గంప అక్కడే వదిలేసి ఆయన వెనక పరుగెత్తాను.

“అయ్యగారూ, ఆగుండ్రి. నేను నేసిస్త.”

ఆయన ఆగి, నా వెనక ఎవరైనా మగమనిషి ఉన్నాడేమో అన్నట్టు చూశాడు.

“మీ ఇంట్లో ఎవరు నేస్తారమ్మా?”

“నేను.”

“నీతో పాటు?”

అది ఆలోచించలేదు. “మా అత్తమ్మ,” అనేశాను. ఆమెకు ఇంకా తెలియదు.

ఆయన నవ్వలేదు. ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం ఉందంటే దానికే. డబ్బు అంతగా లేదనీ, పంట తక్కువైనా కోతల పండుగకు సంఘం వాళ్ళు తెచ్చిన కానుక గింజలున్నాయనీ, ఒక బస్తా జొన్నలు ముందు, మిగతా గింజలు షత్రంజి తెచ్చినప్పుడు ఇస్తామనీ అన్నాడు. నేను ఆత్రం ఆపుకోలేక నడుమ పెద్ద సిలువ వేసిస్తానని అన్నాను.

“సిలువ వద్దమ్మా. అందరూ కాళ్ళు పెట్టేది కదా. నీలం చారలు, తెల్ల చారలు చాలు. తిన్నగా ఉంటే చాలు.”

తిన్నగా ఉంటే చాలు. ఆ మాట నా చెవిలో జోరీగలా తర్వాత చాలా రోజులు మోగింది.

ఇంటికి వచ్చి అత్తమ్మకు ఎలా చెప్పాలో తెలియక వాకిట్లోనే నిలబడి గబగబా అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె కుడిచేతి బొటనవేలు నా ముఖం ముందు పెట్టింది. కండెలు చుట్టీ చుట్టీ అది ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

“ఎనిమిదేండ్ల పిల్లప్పటి సంది చుడుతాన. నా పెండ్లి నాడు కూడ పొద్దుగాల రెండు కండెలు చుట్టినంకనే స్నానం జేసిన. సచ్చేలోపు ఒక్కసారన్న ఆ చెక్క మీద కూసుంట. ఎన్నడు మొదలుపెడ్దాం?”

ఆ కోరిక నా ఒక్కదానిదే అనుకుని ఇన్నేళ్ళు గర్వపడ్డాను. ఆ రోజు నా గర్వం కొంచెం తగ్గింది, ధైర్యం మాత్రం చాలా పెరిగింది.

నూలుకు షావుకారు గడప తొక్కే పని లేదు. ఊళ్ళో ఉన్న బట్టల మిల్లులో తెగి చిక్కుపడి పనికిరాదని పారేసే నూలును బయట తూకం వేసి అమ్మేవాళ్ళు. వచ్చిన బస్తా జొన్నల్లో సగం ఇచ్చి ఆ చిక్కునూలు మూటలు తెచ్చాం. వీధి ఆడవాళ్ళు పనులు ముగించుకుని వచ్చి మా అరుగు మీద కూర్చుని చిక్కు తీశారు. వాళ్ళకు జొన్నరొట్టె పెట్టడం తప్ప ఇంకేమీ ఇవ్వలేకపోయాను. నీలం రంగు పెరట్లో మేమే ఉడకబెట్టాం. అత్తమ్మ మోచేతుల దాకా నీలమయింది. ఎంత తోమినా క్రిస్మస్ దాకా పోలేదు. పడుగు సాగదీసి మగ్గానికి ఎక్కించడం మాకు చేతకాని పనేమీ కాదు. ఇన్నేళ్ళూ చేసింది మేమే.

మొదటిరోజు అత్తమ్మ తల దువ్వుకుని, బొట్టు లేని నుదుటికి విభూతి పెట్టుకుని వచ్చి, నేరుగా కుడివైపున గోనెసంచి మీద కూర్చుంది.

“ఇది నా కొడుకు జాగ. నేను కూసుంట. చల్లబడనియ్య.”

నేను ఎడమవైపు కూర్చున్నాను. తలుపు దగ్గర అప్పుడే నలుగురు మగవాళ్ళు చేరారు. ఒకాయన పళ్ళికిలించి, “ఏం అత్తమ్మా, రేపటి సంది మమ్ములను రాట్నం తిప్పుమంటరా?” అన్నాడు.

“నీతోని యాడయితది బిడ్డా,” అంది అత్తమ్మ పంజా చేతికి తీసుకుంటూ. “దానికి బుద్ధి స్థిమితం గావాలె.”

తలుపు దగ్గర జనం పలచబడ్డారు. మా పంజాలు మొదలయ్యాయి. నాకు ఏడుపు వచ్చింది. అది సంతోషమే. మొదటి పోగులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. విప్పి మళ్ళీ వేశాను. సాయంత్రానికి బెత్తెడు షత్రంజి నేశాం. మగవాళ్ళు ఒక్కపూటలో అంతకు మూడింతలు నేస్తారు. అయినా ఆ బెత్తెడును మేమిద్దరం ఎంతసేపు తడిమి చూసుకున్నామో.

వారం తిరగకముందే షావుకారు వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోంచే చూశాడు.

“నా దుకాణం మెట్ల మీది బేరం ఎత్తుకపోయినవ్. మంచిదే. ఇగ నుంచి నా కండెలు నీకు రావు, ఎరుకనా?”

“ఎరుకే సేటూ.”

“మొగోడు లేని ఇంట్ల మగ్గం ఎందుకు? మంచి ధర కడత. ఇచ్చెయ్యి.”

“మగ్గం మొగోన్ని అడుగలేదు సేటూ. కొట్టేటోళ్ళను అడిగింది.”

ఆయన వెళ్ళిపోయాడు. నేను చాలా గొప్పగా జవాబిచ్చానని ఆ పూటంతా మురిసిపోయాను. మురిపెంలో ఉన్న మనిషికి కళ్ళ ముందున్నది కనబడదు. నాకు కనబడలేదు.

డిసెంబరు మొదటి వారం దాటింది. ఎనిమిది మూరలు, సరిగ్గా సగం నేశాం. చేతులు కుదిరాయి, వేగం పెరిగింది. ఒకరోజు నీలం చార ముగిసి తెల్ల చార మొదలుపెట్టబోతూ తిన్నగా ఉందో లేదో చూద్దామని ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక దారం లాగి పట్టాను. నా వైపు చార దారానికి ఆనుకుని ఉంది. అత్తమ్మ వైపు నాలుగు వేళ్ళు వెనకబడి ఉంది. అప్పటిదాకా నేసి చుట్టినదంతా పరిచి చూశాను. మొదట్లో తిన్నగా ఉన్న చారలు పోను పోనూ ఏటవాలుగా వాలుతూ వచ్చాయి.

అత్తమ్మది రోకలి పట్టిన చెయ్యి. ఆమె కొట్టినవైపు పోగులు బిగిసి దగ్గరపడ్డాయి. నాది తేలిక చెయ్యి. నావైపు వదులుగా సాగింది. ఒక్క రోజులో తెలియని తేడా ఎనిమిది మూరల్లో నాలుగు వేళ్ళయింది. తక్కువైన వైపు అదనంగా పోగులు కూరి చూశాం. అక్కడ షత్రంజి బుంగలా ఉబ్బింది. తీసేశాం.

అప్పుడు గుర్తొచ్చింది. మామయ్య, మా ఆయన ఇద్దరూ పొద్దున ఎవరి జాగలో వాళ్ళు మొదలుపెట్టేవాళ్ళు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చాక ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు మారి కూర్చునేవాళ్ళు. వీధిలో ప్రతి మగ్గం దగ్గరా అంతే. నేను చూస్తూనే పెరిగాను. వాకిలి వెలుతురు ఇద్దరికీ సమంగా దక్కడానికి మారతారని అనుకున్నాను. ఒకసారి మామయ్యను అడిగితే “నీకెందుకే” అన్నాడు, నేనూ ఊరుకున్నాను. బరువు చెయ్యి ఒకపూట ఇటు, ఒకపూట అటు పడితే షత్రంజి తిన్నగా వస్తుంది. అంత చిన్న సంగతి. కండె అందించి పక్కకు తప్పుకునేవాళ్ళకు ఎవరు చెబుతారు?

“అత్తమ్మా, జాగ మారాలె. ఇగ ఈ మిగిలిన సగం నువ్వు ఎడమ దిక్కు, నేను కుడి దిక్కు. అప్పుడు వాలిన చార మల్ల లేస్తది. చివరికి రెండంచులు సమం అయితయ్.”

“నేను లేవ.”

“ఎందుకు?”

“చెప్పిన గద. నా కొడుకు జాగ.”

“నేను కూసుంట గదా దాంట్ల!”

“నువ్వు కూసుంటె అది నీదైతది. రేపు వాడొస్తే యాడ కూసుంటడు?”

విప్పేసి మొదటి నుంచి నేద్దామంది. ఎన్ని రోజులున్నాయని విప్పుతాం? మెత్తగా చెప్పాను, గట్టిగా చెప్పాను, దణ్ణం పెట్టాను. ఆమె గోనెసంచిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నా కోపం నన్ను దాటిపోయింది.

“నీ కొడుకు రాడు అత్తమ్మా. వచ్చినా ఉండడు. ఆ సంచి పట్టుకోని ఎన్నేండ్లు కూసుంటవు?”

అన్నాక ఆమె ముఖం చూశాను. అరుస్తుందేమో, చెంప మీద కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. ఆమె లేచి పెరట్లోకి వెళ్ళి ఖాళీ రోట్లో రోకలి వేసి కూర్చుంది. రెండు రోజులు మా ఇంట్లో పంజా మోగలేదు. నేనన్నది నిజమే. నిజమైనా ఆ మనిషితో అలా అనాల్సింది కాదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు సిగ్గేస్తుంది.

మూడో రోజు పొద్దున్నే ఏమీ జరగనట్టు వచ్చి మళ్ళీ కుడివైపే కూర్చుంది. నేనూ కూర్చోబోతుండగా వాకిట్లో చెప్పుల చప్పుడయింది. మా ఆయన వచ్చాడు. చిక్కిపోయాడు. ప్యాంటు తొడుక్కున్నాడు, చేతికి గడియారం ఉంది. తల్లి ముఖం ఒక్కసారి వెలిగింది, ఆ గడియారం చూసి మళ్ళీ తగ్గింది. ఆయన మంచినీళ్ళు తాగుతుండగానే వెనక నుంచి షావుకారు కూడా దిగాడు. మా ఆయన బండి దిగిన సంగతి నాకన్నా ముందు షావుకారుకే తెలిసినట్టుంది.

షావుకారు ఈసారి లోపలికే వచ్చి మగ్గం మీదికి వంగి చూశాడు. చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఇది చర్చిల పరుస్తవా? కూసున్నోళ్ళంత ఒక దిక్కుకు జారి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్తరు. ఏమయ్యా, ఒట్టు పెట్టుకున్నవట గదా. ఇది షత్రంజి కిందికి వస్తదా? ఇయ్యాల్నే బేరం మాట్లాడుకుందాం పా.”

మా ఆయన నవ్వలేదు. వేళ్ళతో చార వెంట అంచు నుంచి అంచుకు తడుముతూ వెళ్ళాడు. నేతగాడి చెయ్యి కదా, ఒక్కసారికే అర్థమైంది.

“జాగ మారలేదా?” అన్నాడు నెమ్మదిగా. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. “అమ్మా, లే. నేను కూసుంట. పది రోజుల్ల సరిజేస్త. చెప్పిన రోజుకు ఇచ్చేద్దాం.”

వెక్కిరించి ఉంటే నాకు సులువయ్యేది. ఆయన ప్రేమతో అన్నాడు. ఆ గొంతు విని ఆరు నెలలు కుదించుకుని ఉన్న నా ఒళ్ళంతా ఒక్కసారి వదులయింది. సరే అంటే షత్రంజి అవుతుంది. గింజలు వస్తాయి. కానీ మగ్గం?

“వద్దు,” అన్నాను. “నువ్వు కూసుంటె ఇది నువ్వు నేసినట్టయితది. రేపు నువ్వు పోతే మల్ల మగ్గం అమ్ముమంటరు.”

“నీకు పంతం ముఖ్యమా, షత్రంజి ముఖ్యమా?”

“రెండు.”

“ఆడిదాని మాటలు ఇంటే అయ్యేది గిదే,” అన్నాడు షావుకారు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. ఎందుకంటే అత్తమ్మ లేస్తోంది.

ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి మగ్గం కర్ర మీద పెట్టి లేచింది. కొడుకు ఆ జాగలోకి రావడానికి అడుగు వేశాడు. ఆమె నీలం చేత్తో అతని ఛాతీ మీద ఆపింది.

“ఆగు.”

వంగి గోనెసంచి తీసింది. రెండుసార్లు దులిపింది. ఆ సంచిని నడుముకు ఆనించుకుని చెక్క చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చింది. నా భుజం తట్టింది.

“జరుగు. నువ్వు కుడి దిక్కు పో.”

నేను మా ఆయన ముఖం చూశాను. “పోవే,” అంది. వెళ్ళి కూర్చున్నాను. ఆ చెక్క ఆమె కూర్చున్న వేడితో ఉంది.

“అమ్మా, మరి నేను?” అన్నాడు మా ఆయన. ఇంత పెద్ద మనిషి చిన్నపిల్లవాడిలా నిలబడి అడిగాడు.

“నీ జాగ షోలాపూర్ల ఉన్నది కొడుకా. బతుకుదెరువుకు పోయినవు, నేను వద్దంటలేను. వచ్చినన్ని రోజులు బువ్వ తిను, పండు. గాని ఈ చెక్క మీద ఉన్నయి రెండే జాగలు.” సంచి ఎడమవైపు పరుచుకుని కూర్చుంది. “ఏం ఫికర్ జెయ్యకు. కండెలు అయిపోయినయ్. చుట్టుడు వస్తదా నీకు?”

షావుకారు కాసేపు నిలబడి, తనను కూర్చోమన్నవాళ్ళు లేక, వెళ్ళిపోయాడు. మా ఆయన గడియారం విప్పి గూట్లో పెట్టాడు. వాకిట్లో, వీధి మొత్తానికి కనబడే చోట, రాట్నం ముందు కూర్చున్నాడు. ఆయన చుట్టిన కండెలు ఒక పక్క ఉబ్బి, ఒక పక్క సన్నబడి, చేతిలో తీసుకుంటే జారిపోయేవి. అత్తమ్మ ప్రతి కండెనూ పైకెత్తి చూసి, “షోలాపూర్ల గిట్లనే చుడ్తరా?” అనేది. పోయే వచ్చే మగవాళ్ళు గడప దగ్గర ఆగేవాళ్ళు. మా ఆయన తల ఎత్తేవాడు కాదు, లేచిపోయేవాడూ కాదు. నేను పెళ్ళి చేసుకున్న మనిషి మంచివాడని నాకు అప్పుడు బాగా తెలిసింది.

క్రిస్మస్‌కు ముందురోజు షత్రంజి మగ్గం దిగింది. దారం పట్టి చూశాను. రెండంచులూ సమం. నడుమ మాత్రం చారలు వాలి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా లేస్తూ వచ్చాయి. దాన్ని దాచే ఉపాయమేదీ లేదు. నేను వెతకనూ లేదు.

ఎడ్లబండిలో చుట్ట వేసుకుని వర్ధన్నపేట దారిన వెళ్ళాం, అత్తమ్మా నేనూ. గుడిలో రంగుకాగితాల తోరణాలు కడుతున్నారు. అయ్యగారూ ఇంకో నలుగురూ కలిసి పరిచారు. ఆయన ఆ చివర నిలబడి చారల వెంట చూస్తూ నడుమ దాకా వచ్చాడు. ఆయన అడగకముందే నేనే చెప్పాను.

“తిన్నగ అన్నరు అయ్యగారూ. మొదలు, చివర తిన్నగున్నది. నడుమ మాకు పని తెల్వక వాలింది. తెలిసినంక లేపినం. వద్దంటే వాపసు తీసుకపోత.”

ఆయన ఏదో అనబోయాడు. అప్పటికే తోరణాలు కట్టే ముసలామె ఒకామె వచ్చి షత్రంజి మీద చతికిలబడి, అరచేత్తో నిమిరి, “వెచ్చగున్నది,” అంది. ఆయన నవ్వి, గింజల మూటలు బండిలోకి ఎత్తించమని ఎవరినో కేకేశాడు.

మా ఆయన పదిహేను రోజులుండి మళ్ళీ షోలాపూర్ వెళ్ళాడు. ఒట్టు తప్పలేదు. మగ్గం గురించి ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. మేం ఏళ్ళ తరబడి ఆ మగ్గం మీద ఎన్ని నేశామో, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎన్నిసార్లు జాగ మారామో. మంచివి చాలా నేశాం. వాటిలో ఏదీ నాకిప్పుడు కళ్ళకు కట్టదు. ఆ మొదటిదే కడుతుంది.

ఆ రోజు గింజలతో పల్లె నుంచి బయలుదేరే ముందు అత్తమ్మ కోసం వెతికితే గుడిలోనే ఉంది. అంతకుముందు ఎన్నడూ చర్చి గడప తొక్కని మనిషి, కాళ్ళు కడుక్కుని వచ్చి షత్రంజి మీద ఈ చివర నుంచి నడుచుకుంటూ పోతోంది. సగానికి వచ్చి ఆగింది. అన్నిటికన్నా ఎక్కువ వాలిన నీలం చార అది. దాని మీద కాలి బొటనవేలు ఆనించి నావైపు చూసింది.

“ఇగో, ఈడ లేచిన,” అంది. అని అక్కడే కూర్చుంది.